మత్తి ఒక్కపూట సమ్మె

ఆసుపత్రి సెక్రటరీ భార్గవన్‌కు ఖాళీ అంటే గిట్టదు. ఖాళీ గోడ కనిపిస్తే శిలాఫలకం పెట్టిస్తాడు. ఖాళీగా కూర్చున్న నర్సు కనిపిస్తే ఆ కొలువే తీసేస్తాడు. రిలీవర్ నర్సుల కొలువులు అలాగే పోయాయి. ఎవరైనా సెలవు పెడితే ఆ చోట నిలబడటానికి ఉండేవాళ్ళు వాళ్ళు. ఎవరూ సెలవు పెట్టని రోజున కాసేపు నడుం వాల్చేవాళ్ళు. ఆ వాల్చడమే ఆయన కంట్లో నలుసైంది. ఎర్రజెండా మోసి పెద్దవాడైన మనిషే. సహకార ఆసుపత్రి కుర్చీ ఎక్కేసరికి జెండా గుర్తుంది గానీ భుజం నొప్పి మర్చిపోయాడు.

ఇప్పుడాయన చూపు ఆవోలి మీద పడింది.

మత్తి, అయల, ఆవోలి. కేరళలో చేపల పేర్లివి, మన కవళ్ళు, కానగంతలు, చందువలన్నమాట. ఆసుపత్రిలో ఉన్న మూడు సర్వర్లకూ ఈ పేర్లు పెట్టింది ప్రసీద. కంప్యూటర్ల పనంతా చూసేది ఆమే. కాంట్రాక్టు మనిషి. నెలాఖరుకి కాంట్రాక్టు ముగుస్తుంది, మళ్ళీ రాసేదీ రాయనిదీ భార్గవన్ చేతిలో ఉంది. ఆయన గదికీ సర్వర్ గదికీ మధ్య ఒక్క పలకగోడే అడ్డం, అందుకే ఆయన దగ్గు ఈమెకీ, ఈమె సర్వర్ల హోరు ఆయనకీ వినిపిస్తాయి.

"ఆవోలి కొని కూర వండకుండా ఫ్రిజ్‌లో పెట్టుకుంటారా ఎవరైనా?" అన్నాడు భార్గవన్, గుమ్మంలో నిలబడి. "మత్తి మోస్తోంది, అయల మోస్తోంది. ఇది మాత్రం మహారాణిలా కూర్చుంది. కొత్త స్కాన్ సెంటర్ ప్రోగ్రాములు దాని మీద పెట్టెయ్. ప్రారంభోత్సవానికి బోర్డు ప్రెసిడెంట్ వస్తున్నాడు."

"అది కూర్చుంది కాబట్టే మిగతా రెండూ నిలబడ్డాయి సార్."

"సామెతలొద్దు. అర్థమయ్యేట్టు చెప్పు."

ప్రసీద చెప్పింది. సర్వర్ అంటే ఇల్లు. ల్యాబు, మందుల కొట్టు, బ్లడ్ బ్యాంకు, ఓపీ చీట్లు, ఇవన్నీ అందులో అద్దెకుండే కుటుంబాలు. వర్చువల్ సర్వర్లంటారు వీటిని. ఒక్కో ఇంట్లో బోలెడన్ని కుటుంబాలు. మూడిళ్ళ వాళ్ళూ క్షణానికోసారి ఒకళ్ళనొకళ్ళు "ఉన్నావా?" అని కేకేసుకుంటారు. ఒక ఇంటి నుంచి బదులు రాకపోతే అది కూలిందని లెక్క. అందులోని కుటుంబాలు ఆవోలిలో నిద్ర లేస్తాయి, అదే సామానుతో. ఆవోలి నిండా మనుషులుంటే లేవడానికి చోటేదీ?

"కూలితే కదా," అన్నాడు భార్గవన్. "సర్వర్లు అమ్మిన కంపెనీ కుర్రాణ్ణి ఫోన్లో అడిగాను. ఒక టిక్కు తీసేస్తే చాలు, ఎంతైనా ఎక్కించుకోవచ్చన్నాడు."

ఆ టిక్కు నిజమే. ఒక ఇల్లు కూలితే అందులోవాళ్ళకు చాలినంత చోటు మిగలకపోతే కొత్త కుటుంబాన్ని రానివ్వొద్దని సర్వర్లకు ఇచ్చిన హుకుం అది. తీసెయ్యడం చీమను నలిపినంత తేలిక.

"నేను తియ్యను సార్."

"అయితే ఆ కుర్రాడే వచ్చి తీస్తాడు. అప్పుడు నువ్వెందుకో నువ్వే చెప్పు."

చెప్పి వెళ్ళిపోయాడు. ప్రసీద కుర్చీలో కూర్చుంది, లేచింది, ఏసీ చూసింది, మళ్ళీ కూర్చుంది. మీద పురుగు పాకుతున్నట్టుంది. ఉద్యోగం పోతుందన్న భయం ఒక వైపు. టిక్కు పోతే ఏదో ఒక మధ్యాహ్నం బ్లడ్ బ్యాంకు తెర నల్లగా అయిపోయి, గ్రూపు తెలియక పరిగెత్తే నర్సు ఇంకో వైపు. ఆ నర్సు ఎవరో కూడా తెలుసు ఆమెకు. సాజిత.

సాజిత ఆపరేషన్ వార్డు హెడ్ నర్సు. నర్సుల యూనియన్ ఆమెదే. ప్రసీదను మోళే, అంటే తల్లీ అని పిలుస్తుంది, ప్రసీదకు ఆమె ఇత్తా, అంటే అక్క. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పరోటా తుంచుతూ విషయమంతా విని నవ్వింది.

"మోళే, నువ్వు ఆయనతో వాదిస్తున్నావు. వాదిస్తే ఆయన గెలుస్తాడు, పుట్టిందే వాదించడానికి. మేం ఏం చేస్తాం? ముందు హెచ్చరిక సమ్మె. ఒక్కపూట. మేం లేకపోతే ఎలా ఉంటుందో వాసన చూపిస్తాం."

"యంత్రం చేత సమ్మె చేయించమంటావా ఇత్తా?"

"చేయించు. నీ మత్తి పేదోళ్ళ చేపే కదా. సమ్మె దానికే నప్పుతుంది."

ప్రసీదకు అది పట్టుకుంది. భార్గవన్ దగ్గరికి వెళ్ళి, టిక్కు తియ్యడానికి ముందు ఒక పరీక్ష చేద్దామంది. పట్టపగలు, అందరికీ చెప్పి, మత్తి కరెంటు తీగ పీకేస్తుంది. ఆయన ఎదురుగా నిలబడి చూడాలి. ఆయన సరేనన్నాడు. చూడ్డమంటే ఆయనకిష్టం.

పరీక్ష రోజు పొద్దున వార్డులన్నీ కాగితం చీట్లతో సిద్ధంగా ఉన్నాయి. ప్రసీద మత్తి వెనక్కి వెళ్ళింది. రెండు తీగలు. ఒకటి పీకితే రెండోది మోస్తుంది, అది దాని పొగరు. రెండూ పీకింది. మత్తి దీపాలు ఆరిపోయాయి, హోరు సగం తగ్గింది. అయల, ఆవోలి "ఉన్నావా" అని కేకేశాయి. బదులు లేదు. కాసేపటికి తెర మీద ఆవోలి పక్కన పేర్లు ఒక్కొక్కటే లేవడం మొదలైంది. బ్లడ్ బ్యాంకు. ల్యాబు. మందుల కొట్టు. ఓపీ. ఎవరు ముందు లేవాలో ఆ వరుస కూడా ఆమె పెట్టిందే. పై అంతస్తు నుంచి సాజిత ఫోన్ చేసింది. "ల్యాబు వచ్చేసింది. ఇంతేనా? మా సమ్మె కంటే బాగుంది నీ సమ్మె."

ప్రసీద ఊపిరి వదిలింది. భార్గవన్ ముఖంలో కూడా మెచ్చుకోలు ఉంది. భుజం తట్టాడు.

"భేష్. నువ్వు చెప్పింది నిజమే, సర్వర్ పడినా పని ఆగలేదు." తెర వైపు వేలు చూపించాడు. "మత్తి లేదు. అయినా ల్యాబు నడుస్తోంది, బ్లడ్ బ్యాంకు నడుస్తోంది. అంటే ఆసుపత్రికి రెండే చాలు. మూడోది దండగని నువ్వే రుజువు చేశావు. మత్తిని లేపగానే స్కాన్ సెంటర్‌ని అందులో పెట్టు."

పరీక్ష తప్పితే రోగులు నష్టపోతారని ప్రసీద భయపడింది. గెలిస్తే తనే ఓడిపోతుందని తోచనే లేదు. పెద్దవాళ్ళ బుర్ర ఇలాగే పనిచేస్తుంది. గొడుగేసుకుని వానలో తడవకుండా ఇంటికొచ్చి, తడవలేదు కదా గొడుగెందుకని అడుగుతారు.

"సరే సార్," అంది. "రెండు చాలంటున్నారు కాబట్టి మత్తి అలాగే పడుకుంటుంది. స్కాన్ సెంటర్ వచ్చాక ఎలాగూ మనకు మిగిలేవి రెండే. ఈ పూట ఎలా ఉంటుందో చూడండి."

"ఉండనీ. నాకేం?" అని వెళ్ళిపోయాడు. పలకగోడ అవతల కుర్చీ కిర్రుమంది. ఆయన ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ ప్రారంభోత్సవం పందిరి గురించి మాట్లాడుతున్నాడు.

ఆయనకేం లేదు. ఉన్నదంతా ఈమెకే. మత్తి పక్కన నిలబడింది. తెర ముందుకొచ్చింది. ఆవోలి నిండుగా ఉంది, అయల నిండుగా ఉంది. ఒక్కటి తూలితే రెండోది ఎత్తుకోలేదు. ఈ పంతం ఎవరి మీద? పైన ఆపరేషన్ గదిలో కత్తి కింద పడుకున్న మనిషికి భార్గవన్ ఎవరో, ప్రసీద ఎవరో తెలియదు. తీగ చేతిలోకి తీసుకుంది. కింద పెట్టింది. ఇప్పుడు పెడితే రేపు టిక్కు పోతుంది, ఎప్పటికీ పోతుంది. పెట్టకపోతే? నీళ్ళు తాగబోయి గ్లాసు మరిచిపోయింది. తెలిసినవాడికే వణుకు. హుకుం ఇచ్చినవాడు హాయిగా పందిరి గుంజలు లెక్కపెట్టుకుంటాడు.

అన్నం వేళకు సాజిత పాలు పోయని కట్టన్ టీ రెండు గ్లాసుల్లో పట్టుకుని దిగింది. "ఏమైంది మోళే, ముఖం అలా..."

మాట పూర్తి కాలేదు. అయల అరిచింది.

నిజంగానే అరుపు. లోపలి ఫ్యానొకటి ఆగిపోతే, మిగిలినవి ఆ వేడిని లాగడానికి ప్రాణం పెట్టి తిరుగుతాయి. విమానం గదిలో దిగినట్టు ఉంటుంది. తెర మీద అయల పేరు పక్కన ఎర్ర గుర్తు. వేడి పెరుగుతోంది. ఒక హద్దు దాటితే అదే తనను తాను ఆర్పేసుకుంటుంది.

ప్రసీద ఆలోచించలేదు. ఉరికి మత్తి తీగలు రెండూ గుచ్చి మీట నొక్కింది. వాదం పోతే పోనీ.

పలకగోడ అవతల ఫోను మాట తెగింది. భార్గవన్ గుమ్మంలోకొచ్చాడు, చెవులు మూసుకుని. "ఏంటా గోల?"

"అయల ఫ్యాను పోయింది సార్. వేడెక్కి ఆరిపోతే అందులో ఉన్నవాళ్ళకి చోటు లేదు. ఆవోలి నిండిపోయింది."

"మరి ఆ మూడోది?"

"లేపుతున్నాను."

మత్తి నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కదిలాయి. సర్వర్ లేవడమంటే ఇంట్లో కంప్యూటర్ లేచినట్టు కాదు. ముందు తన జ్ఞాపకాన్నంతా తడుముకుంటుంది, ప్రతి డిస్కునీ పలకరిస్తుంది, ముసలామె మంచం దిగినట్టు. భార్గవన్ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకు మారాడు.

"ఇంకా లేవలేదేం?"

"అది అంతే సార్."

"తొందరగా లేపే మార్గం లేదా?"

"లేదు. ముందే లేచి ఉండాలి."

అయల ఇంకా అరుస్తోంది. ఆయన తెర చూశాడు, అయలను చూశాడు, జేబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "అయలలో ఏమేం ఉన్నాయి?"

"ఆపరేషన్ థియేటర్ల రికార్డు. ఐసీయూ. స్కాన్ బొమ్మలు."

"లోపల ఇప్పుడు ఆపరేషన్ నడుస్తోందా?"

జవాబు సాజిత చెప్పింది, గోడకు ఆనుకుని, కామ్రేడ్‌ని పిలిచే పిలుపుతో. "నడుస్తోంది సఖావే. పొట్ట తెరిచారు." టీ ఒక గుక్క తాగింది. "కంగారు పడకండి. రిలీవర్ అక్కర్లేదు, కావలసినప్పుడు పిలుద్దాం అన్నారు కదా మీరు. ఇదిగో, పిలిచారు. ఇలాగే లేస్తుంది."

మత్తి తెర ఆగినట్టే ఆగి, మళ్ళీ కదిలింది. భార్గవన్ మత్తి మీద చెయ్యి వేశాడు. ఎందుకేశాడో ఆయనకే తెలియదు, దూడను లేపుతున్నట్టు.

"వేడెంత?" అని అడిగాడు. ఆమె చెప్పింది. మళ్ళీ అడిగాడు. చెప్పింది. మూడోసారి అడగలేదు, తనే వంగి చూశాడు.

అయలా ఆవోలీ "ఉన్నావా" అంటే మత్తి "ఉన్నాను" అంది చివరికి. తెర మీద పచ్చ గుర్తు వచ్చింది. ప్రసీద అయలలోని కుటుంబాలను మత్తిలోకి నడిపించింది. ఈసారి ఎవరూ నిద్ర లేవనక్కర్లేదు. నడుస్తున్నవాళ్ళు నడుస్తూనే ఇల్లు మారారు. థియేటర్లో ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. అయల ఖాళీ అయ్యాక దాన్ని ఆర్పేసింది. ఆ అరుపు ఒక్కసారిగా తెగిపోయింది. పలకగోడ అవతల ఆయన గది గడియారం వినిపించింది.

భార్గవన్ గుమ్మం దాకా వెళ్ళి తిరిగాడు. పొగరు పోలేదు గానీ గొంతు తగ్గింది.

"ఆ టిక్కు ముట్టుకోకు. స్కాన్ సెంటర్‌కి ఇంకోటి కొందాం. ప్రెసిడెంట్‌కి నేను చెప్పుకుంటాను." ఆగి, "నీ కాంట్రాక్టు కాగితం నా దగ్గరికి పంపించు," అన్నాడు.

ఆయన వెళ్ళిపోయాక ప్రసీద నేల మీదే కూర్చుంది. సాజిత ఆమె టీ గ్లాసు అందించి, తన గ్లాసు ఎత్తేలోపు ఫోను మోగింది. పైన డ్యూటీలో ఉన్న నర్సు పిల్ల కళ్ళు తిరిగి పడిపోయిందట. రాత్రి డ్యూటీ చేసి, పగటి డ్యూటీలోనూ నిలబడింది. ఆమె చోట నిలబడటానికి రిలీవర్లు లేరు.

"నా టీ చల్లారనివ్వకు మోళే," అని సాజిత మెట్ల వైపు పరిగెత్తింది.

ప్రసీద ఆ గ్లాసు చేతిలోకి తీసుకుంది. గెలిచింది. టిక్కు నిలిచింది, ఉద్యోగం నిలిచింది. పురుగు మాత్రం మీద పాకుతూనే ఉంది.

లేచింది. గ్లాసు పట్టుకుని బయటికొచ్చి, మెట్లెక్కబోతూ సెక్రటరీ గది తలుపు మోచేత్తో తోసింది. భార్గవన్ తలెత్తాడు.

"మళ్ళీ ఏం పడింది?"

"మత్తి సార్. పై అంతస్తులో. దీనికి ఆవోలిని మీరే తీసేశారు."

జవాబు కోసం ఆగలేదు. తలుపు తెరిచే వదిలేసి, టీ ఒలక్కుండా మెట్లెక్కింది.