గుమ్మానికి అడ్డకర్ర

సాయంత్రపు అసర్ నమాజుకు బయలుదేరుతూ మసాలా దినుసుల హాజీ బక్రీ తన కొట్టు గుమ్మానికి అడ్డంగా కర్ర పెట్టాడు.

"సుబ్హీ, కాస్త చూస్తుండు నాయనా."

"వెళ్ళి రండి హాజీ. మా అమ్మాయి కోసం కూడా దువా చెయ్యండి" అన్నాడు ఎదుటి సబ్బుల కొట్టు సుబ్హీ.

కర్ర అడ్డం ఉన్న కొట్టులో అలెప్పో అంగడివాళ్ళెవరూ కాలు పెట్టరు. చూస్తానన్నవాడు యజమాని వచ్చేదాకా కదలడు. సుబ్హీ తండ్రీ తాతా అలాగే కూర్చున్నారు.

కానీ ఆ రోజు అతను పెందలాడే ఇల్లు చేరాలి. కూతురికి పొద్దుటి నుంచి నొప్పులు. పక్కన తల్లి ఒక్కతే ఉంది. ఫోన్లు పలకడం లేదు. పొద్దుగూకితే వాళ్ళ పేట దారిని సైనికులు మూసేస్తున్నారు.

నమాజుకు వెళ్ళినవాళ్ళంతా వచ్చారు, బక్రీ తప్ప. అంగడి వీధిమీది రాతికప్పు కంతల్లోంచి పడే ఎండ గోడమీదికి పాకి ఎర్రబడింది. ఎక్కడో ఫిరంగి పేలినప్పుడల్లా సబ్బులమీద సున్నం రాలుతోంది. షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి.

"ఏం సుబ్హీ అన్నా, సబ్బుల్ని పొదుగుతున్నావా? పిల్లలయ్యేదాకా లేవవా?" అన్నాడు కాఫీ కొట్టు నాసాన్.

"హాజీ రాలేదురా. మాటిచ్చాను."

నాసాన్ నవ్వు ఆగిపోయింది. "నేనూ ఆ నమాజుకే వెళ్ళాను. ఆయన అక్కడికి రానేలేదన్నా."

దారిలో ఆ పెద్దాయనకు ఏమైందోనని సుబ్హీ లేచి నిలబడ్డాడు. అంతలో దగ్గరలోనే ఏదో పేలింది. వీధంతా అదిరి, కర్ర అవతల మిరపపొడి మూట ఒకటి ఒరిగిపోయింది. పైన చారెడు పొడి. లోపలంతా గడ్డి.

వెనక అరలన్నీ ఖాళీ.

పురుగు పట్టిన సరుకంటూ వారం నుంచి బక్రీ మూటలు పంపించేస్తుంటే, వాటిని బండికెత్తడానికి సుబ్హీయే చెయ్యి వేశాడు.

"పోరు ఇక్కడిదాకా వస్తుందని ముందే తెలిసి పోయాడన్నమాట" అన్నాడు నాసాన్.

"ఒక్క మాట చెబితే ఏం పోయేదిరా? నమాజు పేరు చెప్పి వెళ్ళాడే!"

తన కొట్టు తెరిచింది తెరిచినట్టే వదిలేసి సుబ్హీ పరుగెత్తాడు. వెనకే నాసాన్. వాళ్ళు మలుపు తిరిగేసరికి అంగడి పెద్ద ద్వారం తలుపులు మూసుకున్నాయి. అవతల గడియ పడింది.

"అయ్యా, లోపల మనుషులున్నాం! మా అమ్మాయికి కాన్పు!" సుబ్హీ రెండు చేతులతో తలుపు బాదాడు.

గడియ వేసినవాళ్ళ బూట్ల చప్పుడు పరుగుపరుగున దూరమైంది.

వెనక వీధిలోంచి పొగ వాసన వచ్చింది.