నాలుగింటి అద్దం

పడవ దిగీ దిగగానే నాకు ఒళ్ళు మండింది. ఈ చివరి నుంచి ఆ చివరికి రెండొందల అడుగులైనా లేని దీవి. ఒక దీపస్తంభం, ఒక గది, ఒక వాననీళ్ళ తొట్టి, ఎక్కడ కాలు పెట్టినా పక్షుల రెట్టలు. దీనికోసమా మా అన్నయ్య పెళ్ళీ పెటాకులూ లేకుండా ఇరవై ఆరేళ్ళు ధారపోసింది!

కానీ నేను తిట్టడానికి రాలేదు. అమ్మ పోయిందని చెప్పడానికి వచ్చాను. పోయి ఏడు నెలలైంది.

రోజూ సాయంత్రం నాలుగింటికి అమ్మ మేడెక్కి, చేతి అద్దాన్ని ఎండకు పట్టి, దీవివైపు మూడుసార్లు తళుక్కుమనిపించేది. తిన్నాను, బాగున్నాను, ఉంటాను అని దానర్థం. ఇటు నుంచి అన్నయ్యవీ మూడు మెరుపులు వచ్చేవి. అమ్మ పోయినప్పుడు సముద్రం అల్లకల్లోలంగా ఉండి నెలన్నర పడవలు కదల్లేదు. ఒంటరిగా ఉన్న మనిషికి ఆ కబురు రేడియోలో చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఎండ మొహం చూపించిన రోజున నేనే అద్దం పట్టుకుని మేడెక్కాను. తర్వాత సముద్రం శాంతించింది గానీ నాకు ధైర్యం చాల్లేదు. దీవికి సరుకులు చేరవేసే పడవాయన్ని నోరు మెదపొద్దని బతిమాలుకున్నాను. ఏటా సెలవుకు వచ్చే అన్నయ్య ఈసారి రాలేదు, అదీ ఒకందుకు మంచిదే అనుకున్నాను.

గుమ్మంలో నిలబడితే అన్నయ్య తల కాస్త పక్కకు వంచి, "ఎవరూ? పడవ బాబాయా?" అన్నాడు.

"అవును, చీర కట్టుకొచ్చాడు మీ బాబాయి."

"ఓసి కందిరీగా!" అంటూ ముఖమంతా నవ్వాడు. టీ కాచి, గ్లాసు లోపల వేలు పెట్టి, వేలికి తగిలేదాకా పోశాడు. చురుక్కుమంటే వేలు ఊదుకున్నాడు. సెలవుకు ఎందుకు రాలేదో నాకప్పుడు అర్థమైంది.

"ఎన్నాళ్ళ నుంచి అన్నయ్యా?"

"రెండేళ్ళుగా మసక. ఏడాది నుంచి దగ్గరి ఆకారాలు తప్ప ఏం కనపడవు. ఒడ్డుకొస్తే ఆఫీసువాళ్ళు కళ్ళు పరీక్ష చేసి ఇంటికి పంపేస్తారే. దీపం దానంతటదే వెలుగుతుంది, అద్దాలు తుడవడానికి చేతులు చాలు." గొంతు తగ్గించాడు. "అమ్మకి మాత్రం చెప్పకు. బెంగతో అన్నం మానేస్తుంది."

"మరి రోజూ నాలుగింటికి..."

"గోడకి మేకు కొట్టుకున్నా. దానికి వీపు ఆనిస్తే ఎదురుగా మన మేడే. అటు అమ్మ ఉంటుందిగా, నేను చూడాలా ఏంటి?"

ఏడు నెలలు. కుట్టుమిషను మధ్యలో ఆపి, జాకెట్ల కోసం కూర్చున్నవాళ్ళ చేత చీవాట్లు తిని, మోకాళ్ళ నొప్పులతో ముప్పైరెండు మెట్లెక్కాను, చూడలేని మనిషి కోసం. అన్నయ్యేమో లేని మనిషి కోసం. నా మీద నాకు జాలేసింది, అన్నయ్య మీద అంతకంటే ఎక్కువ వేసింది.

గడియారం నాలుగు కొట్టింది. అన్నయ్య బయటికి నడిచి, మేకుకు వీపు ఆనించి, అద్దం మూడుసార్లు తిప్పాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఇవాళ కళ్ళున్న మనిషివి పక్కనున్నావు. చూసి చెప్పవే, అమ్మ జవాబిచ్చిందా?"

నీళ్ళ అవతల మా మేడ అగ్గిపెట్టెంత కనిపిస్తోంది. దానిమీద ఏ మెరుపూ లేదు. ఇచ్చిందని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఇన్నాళ్ళు ఆడినదాన్ని, ఇంకొక అబద్ధం నాకో లెక్కా? కానీ ఆ ముఖం చూస్తూ ఆడలేకపోయాను. చెయ్యి పట్టుకున్నాను.

"లేదన్నయ్యా. ఇంక ఇవ్వదు."

మొదటి నుంచీ అంతా చెప్పాను. మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. పడవాయన కేకేసేదాకా అలాగే ఉన్నాం.

"నాతో వచ్చెయ్" అన్నాను.

"అమ్మ లేని ఇంట్లో తడుముకుంటూ తిరగలేనే. ఇక్కడైతే ప్రతి రాయీ నా కాళ్ళకి తెలుసు."

పడవ ఎక్కుతుంటే నా చెయ్యి వదల్లేదు. "రేపు నాలుగింటికి మేడెక్కుతావా?"

"ఎక్కి ఏం చెయ్యను? నీకు కనపడదుగా."

"నాది నీకు కనపడుతుందిగా" అన్నాడు.