అప్పలనర్సమ్మ యాత్రలు

అప్పలనర్సమ్మ పెద్దకర్మ భోజనాలు ముగిసేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. కడుపు నిండినవాళ్లకు దుఃఖం కూడా తీరిగ్గా వస్తుంది. బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగువాళ్లంతా క్వార్టరు వరండాలో తమలపాకులు నములుతూ కూర్చున్నారు. పోయిన మనిషి గొప్పతనం కాగితం మీద రాసి చదవడం ఈమధ్య కాలనీలో మొదలైన మర్యాద. బతికుండగా ఒక్క మంచిమాట రాని నోళ్లకు ఆ పూట తెగ భక్తి పుడుతుంది.

పాసుల సెక్షన్లో గుమాస్తా చిన్నారావు గొంతు సవరించుకున్నాడు.

"ఉత్తమ ఇల్లాలు, అమృతమూర్తి అయిన తల్లి, మనవల పాలిటి కల్పవల్లి అప్పలనర్సమ్మ గారు భర్తతో కూడి సింహాచలం పదకొండు సార్లు, పూరీ రెండు సార్లు, గోదావరి పుష్కరాలకు ఒకసారి వెళ్లి తరించినారు..."

స్తంభానికి ఆనుకుని వింటున్న కొడుకు బంగార్రాజుకు ఒళ్లు మండింది. లోకోషెడ్డులో ఫిట్టరు, నలభై మూడేళ్ల మనిషి.

"చిన్నారావు మావా, ఇవన్నీ నీకెవులు సెప్పినారు?"

"ఒకులు సెప్పడవేటి? మీ నాన్న పాసులన్నీ నా సేతి మీదే ఎల్లినాయి. ఒక్కటీ తప్పుండదు."

పాసులు నిజమే. వాటి మీద రైలెక్కిన మనిషే వేరు. పెళ్లానికైతే రైల్వే పాసిస్తుంది, అక్కకంత తేలిగ్గా ఇవ్వదు. అందుకని అప్పలనర్సమ్మ మొగుడు, డ్రైవరు రమణమూర్తి ఏటేటా విధవరాలైన తన అక్క అచ్చియమ్మను పెళ్లాం పేరుతో తీసుకుపోయేవాడు. ఆవిడ బయల్దేరేముందు మరదలి గాజులు తొడుక్కుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకునేది. తిరిగొచ్చి నూతి దగ్గర కడిగేసుకునేది. నిజం పెళ్లాం ఇంట్లో ఉండి గేదె పాలు పితికేది. కాలనీలో సగం ఇళ్లలో ఇదే భాగోతం కాబట్టి ఎవరూ ఎవరినీ అడగరు. అడగక అడగక, ఇప్పుడు కాగితమే నిజమని నమ్మేశారు కూడా.

రమణమూర్తి కండువాతో కళ్లొత్తుకున్నాడు. "అన్ని తీర్తాలు తిరిగిన పుణ్యాత్మురాలు. అస్తికలకి మళ్లీ సముద్రం దాకా ఎందుకు? రేపు అర్పా నదిలో కలిపేద్దాం."

అస్థికల ముంత పెరట్లో జామకొమ్మకు వేలాడుతోంది. భీమిలి సముద్రంలో కలపమని తల్లి బంగార్రాజు చేత చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆమె పుట్టిన ఊరది. అక్కడి అలల సంగతులు చెబుతూనే మనవరాలు కనకానికి అన్నం తినిపించేది. పెళ్లయి వచ్చాక మళ్లీ ఆ అలలు చూసింది లేదు.

ఒక్కసారి మాత్రం రైలెక్కింది. ఆ ఏడు అచ్చియమ్మకు జ్వరం. బంగార్రాజుకు పదేళ్లు. పూరీకి అప్పట్లో ఖరగ్‌పూర్ చుట్టూ తిరిగి పోవాలి. పక్క స్టేషను గతౌరాలోనే చెకింగు దొర ఎక్కాడు. పాసు చూశాడు, మనిషిని చూశాడు.

"నీ భార్యను పోయిన ఏడు చూశాను. పొడుగు మనిషి. మరి ఇదెవరు?" అన్నాడు హిందీలో.

ఉద్యోగం పోతుందని రమణమూర్తి బెదిరాడు. "వంటమనిషి, హుజూర్. పొరపాటున ఎక్కింది" అన్నాడు.

ఆమె దిగింది. వెనకే కొడుకు దూకాడు. రైలు రమణమూర్తిని తీసుకుని వెళ్లిపోయింది. తల్లీకొడుకులు పట్టాల వెంట ఎండలో బిలాస్‌పూర్ దాకా నడిచారు. దారంతటికీ ఆమె అన్నది ఒక్కటే: "ఆకలేస్తందేట్రా?" వారం పోయాక మొగుడు మహానుభావుడు ప్రసాదం పట్టుకుని దిగాడు.

బంగార్రాజు తండ్రి ముందుకొచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, గతౌరాలో దిగిపోయిన మనిసి ఎవులో సెప్పు. నీ పెళ్లామా, వంటమనిసా? వంటమనిసైతే అర్పాలోనే కలిపీ. నానేటీ అనను."

నములుతున్న దవడలు ఆగాయి.

"సచ్చిపోయిన మనిసి ముందు ఈ రచ్చేట్రా?" అంది అచ్చియమ్మ.

"నివ్వూరుకో అత్తా. ఈ ఇంట్లో బతికున్న పెళ్లానివి నివ్వేనా, ఏటి?"

చిన్నారావు తన ఉద్యోగం గుర్తొచ్చి కాగితం గబగబా నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. రమణమూర్తి రిటైరై ఆరేళ్లయింది. అయినా ఇంకా ఎవడో దొర వింటున్నట్టు అటూ ఇటూ చూశాడు.

"పెళ్లావే" అని గొణిగాడు.

"గట్టిగా. ఆ చివరోళ్లకి ఇనబడాల."

"నా పెళ్లావేరా! అబద్ధవాడినాను. నోటికాడ కూడు పోతాదని ఆడినాను!"

ముసలి గొంతు కీచుమంది. ముప్ఫై మూడేళ్లు ఆలస్యంగా వచ్చిన మాటకు బంగార్రాజు కరిగిపోలేదు. పెరట్లోకి వెళ్లి ముంత విప్పి, తువ్వాలులో చుట్టి, గుండెకు ఆనించుకుని, భీమిలి పోవడానికి రాయ్‌పూర్ బండికి బయల్దేరాడు.

"నానూ వొస్తానురా" అంటూ రమణమూర్తి చెప్పులు వెతుక్కున్నాడు.

కొడుకు రమ్మనలేదు, వద్దనలేదు. తండ్రి రొప్పుతూ వెనక వస్తున్నాడని వినబడుతూనే ఉంది. అడుగు మాత్రం తగ్గించలేదు.