రోడ్డు మీద మిగిలిన వెలుతురు

రోజూ సాయంత్రం కృపారాణి తన పాత మారుతి కారులో మంచాల మండలం దిక్కునున్న పుట్టినూరికి పోయి, పాలక్యాన్లు నింపుకుని, చీకటి పడే వేళకు ఇబ్రహీంపట్నం తిరిగొచ్చేది. క్యాన్ల కోసం వెనక సీట్లు ఎప్పుడో పీకించేసింది. ఆ కారు హెడ్‌లైట్ల వెలుతురు కారుతోపాటు పోయేది కాదు. చాలాసేపు రోడ్డు మీదే పరుచుకుని ఉండి, తర్వాత మెల్లగా ఇంకిపోయేది. కారు ఇంటి ముందు ఆగితే పక్కింటి యాదలక్ష్మి చాట పట్టుకొచ్చి, ఆ వెలుతుర్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుకునేది.

"ఇయ్యాల జర మసకగున్నదే పిల్లా" అంది ఒకనాడు.

నిజమే. ఆ చలికాలం వెలుతురు పసుపు నీళ్లలా పలచబడింది. చాయ మరిగేంతసేపు కూడా నిలవడం లేదు.

దాంతో చిక్కు వచ్చి పడింది పుట్టింట్లోనే ఉంటున్న కృపారాణి చెల్లెలు మనోజకు. ఆమె హయత్‌నగర్‌లో కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తూ కంటి పరీక్ష నేర్చుకుంటోంది. సాయంత్రం బస్సు దిగి, పొలాల మధ్య మట్టిబాటన ఊళ్లోకి నడవాలి. అక్క కారు పోయిన చాలాసేపటికి గానీ ఆ బస్సు రాదు. ఆగుదామంటే అక్క దగ్గరున్న పాలు విరిగిపోతాయి. అందుకే ఇన్నాళ్లూ అక్క వదిలిపోయిన వెలుతుర్లోనే ఇల్లు చేరేది. మొన్న అది సగం దారిలోనే ఇంకిపోయింది. మనోజ గుంతలో పడి మడమ బెణికించుకుంది.

కాలికి కట్టు కడుతూనే తండ్రి సీమోను తేల్చేశాడు. "గీ నెల దాకనే. తర్వాత నౌకరి బందు."

"ఇంకొన్ని నెలలైతే నేనే అద్దాల నంబర్లు చెప్త బాపూ!"

"కాలిరిగినంక చెప్తవా?"

మనోజ ఫోన్లో ఏడుస్తూ అక్కకు సంగతంతా చెప్పింది. కృపారాణి చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. చెల్లెలిది ఆగనియ్యదలచుకోలేదు.

ఆదివారం చర్చి నుంచి రాగానే భర్త నగేష్‌తో కలిసి ఇంటి ముందే బానెట్ ఎత్తింది. బోరుమోటార్లు బాగుచేసే నగేష్ వైర్లు తడిమి చూశాడు.

"బల్బులు మంచిగనే ఉన్నయి. కరెంటంత గీ సన్న వైర్లల్ల, స్విచ్చిలకెళ్లి తిరిగి వచ్చేసరికి సగమైతుంది. బ్యాటరీకెళ్లి సీదా ఇద్దాం. స్విచ్చి ఉత్తగ హుకుం ఇస్తది, కరెంటు పంపే పని రిలే డబ్బి చేస్తది."

బ్యాటరీ తీగ విప్పి పక్కకు పెట్టారు. లావు వైర్లు లాగారు, మధ్యలో ఫ్యూజు పెట్టారు, రెండు రిలేలు బిగించారు. పొద్దుగూకాక బ్యాటరీ తీగ మళ్లీ తగిలించి స్విచ్చి వేస్తే ఎడమది వెలిగింది, కుడిది నిప్పుకణంలా ఎర్రబడి ఊరుకుంది.

"రిలే ఖరాబున్నదేమో" అన్నాడు నగేష్.

కృపారాణి వైరు వెంట వేలు పోనిచ్చి చూసింది. కారు ఇనుముకు తగలాల్సిన ఎర్తు వైరును పైనున్న రంగు మీదే బిగించారు. స్విచ్చి ఆపి, నట్టు విప్పి, ఇనుము మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది మళ్లీ బిగించింది. ఈసారి రెండూ ఒక్కసారే వెలిగి వీధంతా తెల్లబడింది. లైట్లు ఆపి, అన్నాలు తిని, గిన్నెలు కడుక్కుని బయటికొచ్చి చూస్తే వెలుతురు చెక్కుచెదరకుండా ఉంది. యాదలక్ష్మి రెండో చాట తెచ్చుకుంది.

మరునాడు పాలతో నగేష్‌ను పంపి, కృపారాణి పుట్టింట్లోనే ఉండిపోయింది. కారు వెళ్లిపోయింది. వాకిలి నుంచి బస్సు స్టేజీ దాకా బాట తెల్లగా మిగిలింది, ప్రతి గుంతా కనబడేలా. సీమోను గడప మీద కూర్చుని అటే చూస్తున్నాడు. బస్సు ఆగి పోయిన చప్పుడు వినిపించింది. కాసేపటికి అల్లంత దూరాన ఒక మనిషి, కాళ్ల దిక్కు చూడకుండా, చేతి సంచి ఊపుకుంటూ వస్తోంది.

"ఎవరే ఆ వచ్చేది?" అన్నాడు సీమోను, ఆమె వాకిలి దగ్గరికి వచ్చేసినా కళ్లు చికిలించి.

కృపారాణి ఉలిక్కిపడి తండ్రి మొహంలోకి చూసింది. "మనోజ, బాపూ."

మనోజ ఆ మాట విననే విన్నది. దగ్గరికొచ్చి, సంచి కింద పెట్టి, తండ్రి ఎడమ కన్ను అరచేత్తో మూసి దూరాన ఉన్న కరెంటు స్తంభం చూపించింది. తర్వాత కుడి కన్ను మూసింది.

"గింత ఎలుగుల గూడ నన్ను గుర్తువట్టలే. ఎన్నొద్దుల సంది ఇట్ల?"

బిడ్డ చెయ్యి సీమోను కంటి మీద అట్లాగే ఉంది. దాన్ని మెల్లగా తీసి పట్టుకున్నాడు.

"పొద్దుగాల నీ బస్సు ఎన్నిటికి?" అన్నాడు. "మీ దుకాణానికి నేను గూడ వస్త."