నోటికి ఇవ్వని ట్రైనింగ్

బోధన్ రోడ్డు మీద ముజమ్మిల్ సేట్ చాయ్ హోటల్ ఎక్కడని ఎవరినీ అడగనక్కర్లేదు. వెయిటర్ లతీఫ్ గొంతు ఎక్కడ వినబడితే అక్కడ ఆగితే చాలు.

"దో ఖడక్ చాయ్, ఏక్ బన్ మస్కా, కిటికీ కాడికి!"

హోటల్ నడిమధ్య నిలబడి ఆయన అట్లా ఒక్క కేక వేస్తే, లోపల వంటింట్లో దేవిదాస్ చేతిలోని గరిటె దానంతటదే కదిలేది. లతీఫ్ పెళ్ళి కాకముందు చేరినవాడు. ఇప్పుడు మనవరాలు బడికి పోతోంది. వెయిటర్లు ఎందరు వచ్చినా, ఎందరు పోయినా, ఆ గొంతు మాత్రం కదల్లేదు. "నా హోటల్‌కు బోర్డెందుకు, లతీఫ్ ఉండంగ?" అని సేట్ కూడా పది మందిలో గొప్పగా చెప్పుకునేవాడు.

అట్లాంటి హోటల్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. తెచ్చింది సేట్ బిడ్డ ఫౌజియా. అంతకుముందు గల్లా దగ్గర ఒక పాత కంప్యూటర్ ఉండేది. అది బిల్లులు కొట్టేది, అంతే. ఇప్పుడు ఒక్కో వెయిటర్ చేతికి ఒక్కో ఫోన్ ఇచ్చారు. టేబుల్ నెంబరు నొక్కి, చాయ్ బొమ్మ నొక్కితే, వంటింటి గోడకు బిగించిన తెర మీద ఆర్డరు పడుతుంది.

పొద్దున హోటల్ తెరవకముందే ఫౌజియా వెయిటర్లందరినీ కూర్చోబెట్టి ట్రైనింగ్ ఇచ్చింది. ఫోన్లు వాడేది మరునాటి నుంచి. ఓపికగా చెప్పింది, మళ్ళీ చెప్పింది.

"సమజైందా?"

"సమజైంది బేటీ."

"ఏమన్న అడిగేదుంటే అడుగుండ్రి. నేనేం అనుకోను."

ఎవరూ అడగలేదు. సేట్ బిడ్డ అంత కష్టపడి చెబుతుంటే, తెలియలేదనడం ఆమెను తక్కువ చేసినట్టు కాదా?

లతీఫ్ దగ్గర మాత్రం ఒక ప్రశ్న ఉంది. గొంతుకు అడ్డం పడి కూర్చుంది. ఆర్డరు ఫోన్లోంచి పోతే, ఇంక నా కేక ఎందుకు? కేక అక్కర్లేని హోటల్‌లో నేనెందుకు?

అడగకుండానే, ఆ రోజు పని అయ్యాక ఫోన్ జేబులో పెట్టుకుని ఇంటికి పోయాడు. రాత్రి అన్నం తిన్నాక వేలితో బొమ్మలు నొక్కుతూ కూర్చుంటే, భార్య బిల్కిస్ మంచం మీది నుంచి ఎగతాళి పట్టింది.

"నాది ఏ టేబుల్ జర చెప్పు. ఓ చాయ్ రానీ."

"ఊకో బిల్కిస్. ఇది రాకపోతే నన్ను బయటికి తోలుతరు."

"నిన్ను తోలితే నీ నోరు రోజంత ఇంట్లనే ఉంటది గద! అల్లా! జల్ది నేర్సుకో."

నేర్చుకున్నాడు. తప్పు లేకుండా నేర్చుకున్నాడు. తెల్లారి మూడో టేబుల్ దగ్గర నిలబడి, రెండు ఆమ్లెట్లు అడిగితే రెండు ఆమ్లెట్లు సరిగ్గా నొక్కాడు. వేలు దాని పని అది చేసింది. నోరు కూడా దాని పని అది చేసింది.

"దో ఆమ్లెట్, తీస్రా టేబుల్!"

మిగతా వెయిటర్లూ అంతే. ఇన్నేళ్ళు ఆయన దగ్గర పని నేర్చినవాళ్ళే కదా! నొక్కడం, అరవడం, నొక్కడం, అరవడం. లోపల దేవిదాస్ కేక వినగానే ఒకసారి చేశాడు. తెర మీద కనబడగానే ఇంకోసారి చేశాడు. రెండు అడిగిన బల్ల మీదికి నాలుగు వచ్చాయి. సిరికొండ నుంచి వచ్చిన ఒకాయన తన ముందున్న బన్నులు చూసుకుని, "నేను అడిగింది ఒక్కటే గదనే!" అంటే, పక్కాయన, "సేట్ దిల్ పెద్దదే, తిను" అన్నాడు.

సాయంత్రానికి సేట్ దిల్ చిన్నదైపోయింది. మిగిలిన ఆమ్లెట్ల తట్ట ముందు పెట్టుకుని అందరినీ పిలిచాడు.

"రేపటిసంది లోపలికి అరిసి ఆర్డర్ చెప్పినోడు గిన్నెలు తోముడే. నేను జెప్తున్న. లతీఫ్, నీకే."

లతీఫ్‌కు ముఖాన చన్నీళ్ళు కొట్టినట్టయింది. ఏళ్ళ తరబడి వచ్చేపోయేవాళ్ళంతా చూస్తుండగా, మోరీ కాలువ పక్కన తాను పీట వేసుకుని గిన్నెలు తోముతున్నట్టు కళ్ళ ముందే కనబడింది.

నోటిని నమ్మడానికి లేదు. అందుకని మరునాడు పొద్దునే రెండు పాన్లు కట్టించుకుని, రెండూ ఒకటే బుగ్గన కుక్కుకుని పనిలోకి దిగాడు.

కేకల్లేవు. ఫ్యాన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. వచ్చినవాళ్ళు గడపలోనే ఆగి, చెప్పులు చప్పుడు కాకుండా లోపలికి వచ్చి, గుసగుసగా మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. వంటింటి కిటికీలో ఆమ్లెట్లు తయారై చల్లారిపోతున్నాయి. 'తయ్యార్' అని కేక వేద్దామంటే దేవిదాస్‌కూ గిన్నెల భయమే.

అప్పుడు వచ్చాడు నందిపేట్ భూమన్న. మార్కెట్ యార్డులో పసుపు అమ్మడానికి వచ్చినప్పుడల్లా ఇక్కడ చాయ్ తాగనిదే ఊరికి పోడు.

"ఏందే లతీఫ్ భాయ్, సప్పుడే లేదు? ఏమైంది?"

లతీఫ్ నిండు బుగ్గతో సేట్ వైపు చూపించి, నేనేం చేసేది అన్నట్టు చెయ్యి పైకెత్తాడు. భూమన్న ముఖం వాడిపోయింది. తలకు చుట్టిన తువ్వాల తీసి, మెల్లగా గల్లా దగ్గరికి పోయాడు.

"గట్టిగుండాలె సేట్. మనమేం జేస్తం, పైవాని ఇష్టం. పెద్దమ్మనేనా పోయింది? మయ్యత్ ఎప్పుడు తీస్తరు?"

అది విని నాలుగు టేబుళ్ళ వాళ్ళు సగం చాయ్ వదిలేసి లేచి నిలబడ్డారు.

"మా అమ్మకేమైందయ్యా!" సేట్ కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "ఇప్పుడే మూడు పరాటాలు తిని, నాలుగోది ఏదని అడుగుతున్నది!"

ఫౌజియా నవ్వు ఆపుకోలేక గల్లా వెనక్కి వంగిపోయింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, వెయిటర్లనూ దేవిదాస్‌నూ ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టి, అందరికీ తానే చాయ్ పోసింది.

"గియ్యాల నేను చెప్ప. మీరే చెప్పాలె. ఏడ తప్పింది?"

దేవిదాస్ ముందు నోరు విప్పాడు. "నాకైతే ఎవలు ఏం జెప్పలే బిడ్డా. గోడకు తెర కొట్టి పోయిండ్రు. ఒర్లితే చేసిన, తెరల పడితే చేసిన. రెండు ఒకటే అని నాకేం ఎర్క?"

ఫౌజియా నాలుక కరచుకుంది. ట్రైనింగ్ అంతా బయట తిరిగే వెయిటర్లకే ఇచ్చింది. వంటింట్లోకి తొంగి చూడలేదు.

"లతీఫ్ చాచా, మీరు?"

లతీఫ్ లేచి, బయటికి పోయి పాన్ ఉమ్మి, నోరు కడుక్కుని వచ్చాడు. రెండు రోజులుగా అడ్డం పడ్డది బయటికి వచ్చింది.

"బేటీ, ఫోన్ల ఏలు ఏం జెయ్యాలెనో మంచిగ నేర్పినవ్. నోరు ఏం జెయ్యాలెనో చెప్పలే. దానికేం పనున్నదో చెప్పు. లేదంటే లేదని చెప్పు, ఇంటికి పోత."

ఫౌజియా వంటింటి కిటికీ వైపు చూసింది. చల్లారిన ఆమ్లెట్లు వరసగా ఆమెనే చూస్తున్నాయి.

"ఉన్నది చాచా. లోపలికి పోయేది ఫోన్ల పోనీ. బయటికి వచ్చేది మీరు ఒర్లుండ్రి. ఏది తయారైతే అది, ఏ టేబుల్‌ది అయితే ఆ టేబుల్‌కు. సడక్ దాక వినబడాలె."

"సడక్ దాకనేనా? బోధన్ దాక వినిపిస్త!"

లేచి కిటికీ పక్కన నిలబడ్డాడు. తెర మీద పాతవి పోయి కొత్తవి పడ్డాయి. దేవిదాస్ ప్లేటు తోశాడు.

"మూడో టేబుల్! ఆమ్లెట్ తయ్యార్, గరం గరం!"

భూమన్న చాయ్ సగం సాసర్లో, సగం చొక్కా మీద పడింది. "వారీ! పానం పోతుండె గదనే!" అన్నాడు గానీ, ముఖం విప్పారింది. రోడ్డు మీద పోతున్న ఇద్దరు ఆ కేక విని ఆగి లోపలికి వచ్చారు. వాళ్ళ వెనక ఇంకో నలుగురు. మధ్యాహ్నానికి హోటల్ మళ్ళీ హోటల్ లాగా ఉంది.

ఆ సందడి చూసి సేట్‌కు సంబరం ఆగలేదు. గల్లా మీద చెయ్యి కొట్టి అరిచాడు.

"అరే దేవిదాస్! నందిపేట్ అన్నకు నా దిక్కెల్లి ఓ మలాయ్ చాయ్!"

హోటలంతా ఒక్కసారి ఆగింది. దేవిదాస్ కిటికీలోంచి తల బయటపెట్టాడు. "తెరల పడలే సేట్."

సేట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. లతీఫ్ ఆయనను చూశాడు, మోరీ పక్కనున్న పీటను చూశాడు, నిండా ఊపిరి పీల్చుకున్నాడు.

"సేట్! గిన్నెల కాడ గరం నీళ్ళు తయ్యార్!"