రంగు మారిన పళ్లేలు

పెట్టె తలుపు తీసిన అత్తయ్య చెయ్యి అలాగే ఆగిపోయింది. నిన్న సాయంత్రం గులాబీ రంగులో ఉన్న పళ్లేలన్నీ పసుపు పచ్చగా ఉన్నాయి.

ల్యాబ్‌లో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అత్తయ్యే. పొట్టి మనిషి. నెరిసిన జుట్టు టోపీలోకి దోపుకుని, కాలిన గాయాల వార్డుకు చర్మం పెంచి ఇస్తుంది. రోగి ఒంటి మీద కాలకుండా మిగిలిన చోటు నుంచి తపాలా బిళ్లంత ముక్క వస్తుంది. దాని కణాలను విడదీసి పళ్లేల్లో పరిచి, గులాబీ రంగు పోషక ద్రవం పోసి, ఒంటి వేడి ఉండే పెట్టెలో పెడుతుంది. మూడు వారాలకు ఉల్లిపొరంత పల్చటి చర్మం తయారవుతుంది. పండగైనా పెళ్లిరోజైనా వాటికి తిండి మార్చాల్సిందే. తన భార్య చేతిలో కుండీ మొక్క ఒక్కటీ బతకదనీ, మనుషుల తోలు మాత్రం మహా ఏపుగా మొలుస్తుందనీ భర్త అందరికీ చెప్పి నవ్వుతుంటాడు.

ఈ పళ్లేలు ఒక హాస్టల్ వంటమనిషివి. మరిగే నూనె మీద పడింది. ఇంకో ముక్క తీయడానికి అతని ఒంట్లో చోటు లేదు. ఆపరేషన్ ఈ మధ్యాహ్నమే.

పసుపు రంగుకు కారణాలు రెండే. క్రిములు పడి ఉండాలి, లేదా కణాలు విపరీతంగా పెరిగి తిండంతా ఖాళీ చేసి ఉండాలి. క్రిములైతే మొత్తం పారబోయాలి. మళ్లీ మూడు వారాలు వంటమనిషి ఆగలేడు.

పక్క బల్ల టెక్నీషియన్‌ను అందరూ కంగారు అని పిలుస్తారు. అతను అప్పుడే చెత్తసంచి తెచ్చేశాడు.

"పారేద్దామా అత్తయ్యా?"

"ముందు ఆ సంచి అవతల పెట్టు."

పళ్లెం వెలుతురుకు ఎత్తింది. ద్రవం పసుపే కానీ, క్రిములుంటే కనిపించే మసక లేదు. మైక్రోస్కోప్ కింద పెట్టి కంటిని ఆనించింది. కణాల మధ్య మెదిలే చుక్కల కోసం అంచు నుంచి అంచుకు వెతికింది. ఒక్కటీ లేదు. కణాలు మాత్రం సంతలో జనంలా ఒరుసుకుని నిలబడి ఉన్నాయి. ద్రవం చుక్క తీసి గాజుపలక మీద రంగు వేసి చూసింది. శుభ్రం. ఒక్కో పళ్లెం అలాగే చూసి, చివరిది దించాక గానీ ఊపిరి వదల్లేదు.

"ఆకలేసింది వెధవలకి," అంది.

పొరలను మెల్లగా ఊడదీసి, పైవైపు కట్టు కట్టే గాజుగుడ్డకు అంటేలా పరిచింది. తిరగబడితే గాయానికి అతుక్కోవు. వాటిని సర్దిన డబ్బాతో వరండాలోకి రాగానే వంటమనిషి భార్య బెంచీ మీంచి లేచింది.

"మా ఆయన చర్మం ఎలా ఉందండీ?"

"లక్షణంగా ఉందమ్మా. పొద్దున ఆకలికి రంగు మారి నన్ను హడలగొట్టింది."

"ఆయనా అంతేనండీ," అని నవ్విందామె. ఇన్ని వారాల్లో ఆమె నవ్వడం అత్తయ్య చూడలేదు.

సాయంత్రం సర్జన్ ఫోన్ చేశాడు. ఒక్క పొర కూడా చిరగలేదట. అతుక్కున్నదీ లేనిదీ వారానికి తెలుస్తుందనీ, ఈ రోజుతో రిటైరవుతున్న ఆవిడ అప్పటికి ఇంట్లో ఉంటుందనీ నొచ్చుకున్నాడు.

"నేను లేకపోతేనేం బాబూ, కంగారు చెబుతాడు. ముందు వాడికే తెలుస్తుంది."

పెట్టె తుడిచి, దీపం ఆర్పి, వీడ్కోలు మాటలేవీ లేకుండా వెళ్లిపోయింది. గుమ్మం లోపల, ల్యాబ్‌లో ఆవిడ తొడుక్కునే, మడమ ఒకవైపు అరిగిన తెల్ల రబ్బరు చెప్పులు, పొద్దున రాగానే కాలు దూర్చుకునేందుకు వీలుగా పెట్టె వైపు తిరిగి ఉన్నాయి.