దూరం నుంచి విన్న గొంతు

స్టేజీ అంచు వెంబడి వైరు పరుచుకుంటూ, మధ్యమధ్య నల్లటేపు చింపి అంటిస్తూ, మోకాళ్ల మీద వెనక్కి జరుగుతున్నాడు నాగూర్ బాషా. టేపు పంటితో చింపడం అతని అలవాటు. ముందు పళ్లు ఊడిపోయాక పక్క పళ్లతో చింపుతున్నాడు. బక్కపలచటి మనిషి. మెడ చుట్టూ గళ్ల తువ్వాలు, మోచేతుల దాకా మడిచిన వెలిసిపోయిన నీలం చొక్కా. ఎడమ భుజం పొద్దున్నుంచీ లాగుతోంది. స్పీకరు పెట్టె దించేటప్పుడు పట్టేసి ఉంటుందనుకున్నాడు.

వైరు పని అయ్యాక లేచి మైకు అందుకున్నాడు.

"హలో... మైక్ టెస్టింగ్... వన్... టూ... త్రీ..."

మూడో అంకె కొంచెం సాగుతుంది. దాని వెనకే చిన్న దగ్గు వస్తుంది. ఎప్పుడూ అంతే.

కుర్రతనంలో వేపకొమ్మకి ఇనప బాకా కట్టడంతో మొదలైంది ఈ పని. నందిగామలో సుబ్బరాయుడి మైకుసెట్ల షాపులో చేరినవాడు మళ్లీ ఇంకో పని వెతుక్కోలేదు. పెళ్లిళ్లు, పెద్దకర్మలు, క్రిస్మస్ కూటాలు, ఉరుసులు, ఎన్నికల సభలు, పెనుగంచిప్రోలు తిరునాళ్ల... అన్నింటికీ అతనే. అతను పెట్టిన మైకులో ఎందరో పాడారు, ఏడ్చారు, ఓట్లడిగారు. అతను మాత్రం ఆ నాలుగు ముక్కలు తప్ప ఏమీ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ఏళ్ల తరబడి పెట్టెల పక్కనే కూర్చోవడంతో ఎడమ చెవి సగం పోయింది. అందులో ఎప్పుడూ సన్నగా కీచురాయి కూస్తున్నట్టుంటుంది.

ఇవాళ పని విజయవాడలో. కొత్తగా పైకొస్తున్న కళాకారులందరినీ ఒకచోట కలుపుతున్నామని లాస్య చెప్పింది. జగ్గయ్యపేట అమ్మాయి, బొమ్మలేస్తుంది. వాళ్లక్క పెళ్లికి మైకు పెట్టింది బాషానే. ఆ గుర్తుతోనే నందిగామ నుంచి పిలిపించింది.

"బాషా గారూ, ఇవాళ పాటలూ అవీ ఉండవండి. మాట్లాడుకోడమే ఎక్కువ," అంది లాస్య మెడలో వేసుకునే కార్డులు పంచుతూ.

"మాట్లాడుకోడానికి ఇంతమందా అమ్మా?" అన్నాడు బాషా గుమ్మం వైపు చూస్తూ.

పిల్లలు వస్తూనే ఉన్నారు. సంచులు, గొట్టాల్లా చుట్టిన కాగితాలు, గుడ్డలో చుట్టిన చెక్కలు. పెళ్లికి జనం భోజనానికొస్తారు. సభలకి లారీల్లో తెస్తారు. వీళ్లని ఎవరూ తోలుకురాలేదు. తమంతట తామే బస్సులు పట్టుకుని వచ్చారు. రెడ్డిగూడెం నుంచి వచ్చిన ఒకామె మామిడి బెరడు ఉడికించి, ఆ రంగుతో అద్దిన గుడ్డలు పరిచింది. సాయంకాలం ఎండ రంగు. ఒక కుర్రాడు నందిగామ బస్టాండులో పడిగాపులు పడేవాళ్ల ముఖాలు టికెట్ల వెనక గీశాడు. గోరంత ముఖంలో విసుగు కూడా కనబడుతోంది. బాషా కళ్లద్దాలు పైకి జరుపుకుని చాలాసేపు చూశాడు. అతను రోజూ ఆ బస్టాండు మీదుగానే వెళ్తాడు. అంతమంది మనుషులున్నారని ఎప్పుడూ అనుకోలేదు.

తెలియనివాళ్లతో మాట్లాడకుండా ఎవరూ భోజనానికి రాకూడదని లాస్య మైకులో హెచ్చరించింది. పిల్లలు నవ్వుకుంటూ, నసుగుతూ, ఒకరి నంబరు ఒకరు ఎక్కించుకున్నారు. ఒక బల్ల దగ్గర చేసిన పనుల్ని ఫొటోలు తీసి ఎలా పేర్చి చూపించాలో చెబుతున్నారు. ఇంకో బల్ల దగ్గర ఒక లాయరమ్మ కూర్చుంది.

"పని ఒప్పుకునేముందే కాగితం రాయించుకోండి. మీ పనిలో ఇంకొకరి ముఖం గానీ గొంతు గానీ ఉంటే అనుమతి అడగండి. వాళ్ల పేరు వెయ్యండి," అంటోందామె.

బొమ్మలేసుకోడం వెనక ఇంత సంసారం ఉందా అనుకున్నాడు బాషా, ఆమె మైకు పెంచుతూ.

భోజనాలయ్యాక ఒక్కొక్కరూ స్టేజీ మీదికొచ్చి తమ పని చూపించాలి. హైదరాబాదు స్టూడియో నుంచి ఒకాయన వచ్చాడు. ఆయనకి నచ్చినవాళ్లని ఆరు నెలలు అక్కడే ఉంచుకుని, గదీ ఖర్చులూ ఇచ్చి, పని చేసుకోనిస్తారట.

ఇర్ఫానా వంతు వచ్చేముందే బాషా దగ్గరికొచ్చింది. పెనుగంచిప్రోలు పిల్ల. చేతిలో లాప్‌టాప్ తప్ప ఏమీ లేదు.

"నాది బొమ్మ కాదంకుల్. చప్పుళ్లు రికార్డు చేస్తా. మా ఊరి చప్పుళ్లు."

"ఏం చప్పుళ్లమ్మా?"

"ఏరు, పొలాలు... అవే. ఇంట్లో ఈ ఒక్కసారికే ఒప్పుకున్నారు. ఇవాళ ఎవరికీ పట్టకపోతే నేనిక మానేసినట్టే."

బాషా లాప్‌టాప్‌కి వైరు తగిలించాడు. ఆమె స్టేజీ మీద నిలబడి రెండు ముక్కలు చెప్పి రికార్డింగు పెట్టింది. చప్పుడు మొదలైంది. హాల్లో మాటలు ఆగలేదు. భోజనం చేసిన జనం, పైన ఫ్యాన్లు, వెనక కుర్చీలు జరుపుతున్న రొద. బాషా చెయ్యి అలవాటుగా సౌండు మీట పైకి తోసింది. పెట్టెల్లోంచి బరబరమని ఏదో వచ్చింది. ఎవరో నవ్వారు.

ఇర్ఫానా దాన్ని ఆపేసి, స్టేజీ దిగి పరుగున వచ్చింది.

"తగ్గించండంకుల్."

"తగ్గిస్తే అసలు వినపడదమ్మా. గోల చూడు."

"ఫర్లేదు, తగ్గించండి. ఫ్యాన్లు కూడా ఆపించండి, దండం పెడతా."

బాషా ఆమె ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్లలో ఎవరైనా అతనికి చేసిన సైగ ఒక్కటే, బొటనవేలు పైకెత్తి పెంచమని. తగ్గించమని అడిగినవాళ్లు లేరు. లేచి వెళ్లి ఫ్యాన్ల స్విచ్చులు ఒక్కొక్కటే ఆపేశాడు. తిరిగొచ్చి మీట కిందికి, ఇంకా కిందికి దించాడు. ఇర్ఫానా స్టేజీ ఎక్కి మళ్లీ మొదట్నించీ పెట్టింది.

ఏమీ వినబడకపోయేసరికి ముందు వరస వాళ్లు మాట ఆపారు. వాళ్లని చూసి వెనకవాళ్లు ఆపారు. హాలంతా మెడలు ముందుకు చాచింది.

రాళ్ల మీంచి జారుతున్న నీళ్లు. పెనుగంచిప్రోలు పక్కన పారే మునేరే. ఎండిన పత్తికాయల డొప్పలు ఒకదానికొకటి రాసుకుంటున్న గరగర. "ఒసే, నీళ్ల క్యాను మర్చిపోయాం!" అని దూరంగా ఒక ఆడమనిషి కేక. హాలు చిన్నగా నవ్వి మళ్లీ ఊపిరి బిగబట్టింది. ఎక్కడో హైవే మీద లారీ. ఆ తరవాత ఉత్త గాలి, చాలాసేపు. ఆ గాలిలోంచి, పొలాలన్నీ దాటుకుని, మంచులో నానినట్టు మెత్తబడిన ఒక మగ గొంతు వచ్చింది.

"హలో... మైక్ టెస్టింగ్... వన్... టూ... త్రీ..."

ఏటి అవతలి గట్టుకి తగిలి అదే మాట ఇంకోసారి, ఇంకా మెత్తగా తిరిగొచ్చింది. దాని వెనక చిన్న దగ్గు.

బాషా చెయ్యి గొంతు మీదికి పోయింది.

తిరునాళ్ల పొద్దు. బాకాలు కట్టి, మంచులో చేతులు రుద్దుకుంటూ తను అన్న మాట. తనెప్పుడూ పెట్టె పక్కనే ఉన్నాడు. పక్కనుంటే అది ఉత్త మోత, చెవి పోగొట్టిన మోత. అది ఇంత దూరం వెళ్తుందనీ, వెళ్లేకొద్దీ ఇంత చల్లబడుతుందనీ, నీళ్ల చప్పుడుతోనూ ఆడవాళ్ల కేకలతోనూ కలిసిపోతుందనీ అతనికి తెలియదు. పెనుగంచిప్రోలులోనే పుట్టిన అతని భార్య మెహరాజ్ పెళ్లయిన కొత్తలో ఒక మాట అంది. తిరునాళ్లప్పుడు ఈ టెస్టింగ్ వినబడగానే లేచి పొయ్యి అంటించేదట, ఆ గొంతు ఎవరిదో కూడా తెలియకుండా. అప్పుడు నవ్వేశాడు. ఎన్ని ఇళ్లు, ఎన్ని పొయ్యిలు. ఇన్నేళ్లూ తను ఇంతమంది తెల్లవారుజాముల్లోకి వెళ్లి వచ్చాడా?

చప్పుడు ఆగిపోయింది. చప్పట్లు వెంటనే రాలేదు. వచ్చినప్పుడు మాత్రం ఆగకుండా వచ్చాయి. హైదరాబాదు ఆయన లేచి ఇర్ఫానా దగ్గరికి నడిచాడు.

సాయంత్రం బాషా వైర్లు చుడుతుంటే ఆమె కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"రమ్మన్నారంకుల్. ఆరు నెలలు. నాన్నతో ఆయనే మాట్లాడారు."

"చాలా సంతోషం తల్లీ." కొంచెం ఆగి, సిగ్గుపడుతున్నట్టు తల వంచి అన్నాడు. "ఆ మైకు... అది నేనేనమ్మా."

ఆమెకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవరో దేవుడి గొంతులా ఉందని దాన్ని ఉంచేశానంకుల్. తీసేద్దామన్నా తీసెయ్యలేకపోయా." తరవాత లాయరమ్మ మాట గుర్తొచ్చి కంగారుగా అడిగింది. "వాడుకోవచ్చా? మీ పేరు వేస్తా."

"మైకువాళ్ల పేరు ఎవరేస్తారమ్మా!" అని నవ్వాడు. కానీ ఆమె ఫోనులో రాసుకుంటుంటే వంగి చూశాడు. "నాగూర్‌కి దీర్ఘం ఉంటుంది," అన్నాడు.

వ్యాను నందిగామ వైపు తిరిగింది. ఎదురుగా పొద్దు వాలుతోంది. డ్రైవరు కిషోర్‌బాబు అద్దం మీది తెర దించుకున్నాడు. బాషా తెర దించుకోకుండా ఆ ఎర్రటి వెలుగులోనే ఫోను కుడిచెవికి ఆనించుకున్నాడు.

"మెహరాజూ, ఇవాళ నా గొంతు విన్నా."

"ఏంటీ?"

"నా గొంతే. ఏటి గట్టు మీంచి వింటే ఎట్టా ఉంటదో అట్టా. పొలాల మీదుగా వస్తందే..."

అవతల మెహరాజ్ నవ్వింది. "ఇప్పటికి విన్నారా? మేమంతా ఎప్పట్నించో వింటానే ఉన్నాం."

ఫోను జేబులో పెట్టుకుని చాలాసేపు బయటికి చూశాడు. దారి పక్క చేలు, పశువుల్ని తోలుకెళ్తున్న మనిషి, దూరంగా ఏ గుడిదో మసీదుదో తెలియని మైకు. కిషోర్‌బాబు రేడియో పెట్టబోతే వద్దని చెయ్యి ఊపాడు. కిటికీ అద్దం పూర్తిగా దించుకుని, అటు తిరిగి, మంచి చెవి గాలివైపు పెట్టి, తల ఆనించి కళ్లు మూసుకున్నాడు.

ఇంటి ముందు వ్యాను ఆగింది. "బాబాయ్, ఇల్లొచ్చింది," అన్నాడు కిషోర్‌బాబు. పలకలేదు. భుజం తట్టాడు. చెయ్యి ఒళ్లోంచి జారిపోయింది. కంచికచర్ల దగ్గర టీ తాగుదామా అంటే ఊహూఁ అన్నాడని గుర్తుంది, ఆ తరవాత ఏ ఊరి దగ్గర ప్రాణం పోయిందో కిషోర్‌బాబు చెప్పలేకపోయాడు. మెహరాజ్ గుమ్మంలోంచి వచ్చి ముఖం చూసింది. ఆ ముఖంలో నొప్పి జాడ లేదు. ఏదో వింటున్నట్టే ఉంది.

అతన్ని లోపలికి చేర్చాక, సామాను షాపుకి పంపించడానికి, కబురు విని వచ్చిన సుబ్బరాయుడు వ్యాను వెనక తలుపు తీశాడు. మైకుల పెట్టె మూత సరిగ్గా పడలేదు. సరిచేద్దామని ఎత్తి చూశాడు. లోపల నల్లటి స్పాంజి గూట్లో, వైరు లేని మైకొకటి స్విచ్చు ఆపకుండానే ఉంది. దాని మెడ దగ్గర జొన్నగింజంత పచ్చలైటు ఇంకా వెలుగుతోంది.